చప్పుడు చెయ్యని చదువు

గిన్నెలు తోమేటప్పుడు కింద గోనెసంచి పరుచుకోవాలని నాకు నేర్పింది మా అత్తగారు అసిరమ్మ. కాపరానికి వచ్చిన రెండో రోజునే నేర్పేసింది. “ఒలే గౌరీ, మా గురునాదం నైట్ డ్యూటీ సేసొచ్చి తొంగున్నాడు. గిన్నె నేలకి తగిల్తే ఖంగుమంటాది. గోనె ఎయ్యి” అంది. వేశాను. పన్నెండేళ్ళపాటు వేశాను. సంచి చిరిగితే ఇంకో సంచి తెచ్చుకున్నానే తప్ప, గిన్నె చప్పుడైతే ఏమవుతుందని ఎప్పుడూ అడగలేదు.

మా ఆయన గురునాథరావు పోర్టులో క్రేను డ్రైవరు. మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం నైట్ డ్యూటీ. పైన ఓవర్‌టైము. ఏ వారమైనా సరే, పగలు ఏదో ఒక వేళ ఆయన పడుకునే ఉంటాడు, మేము మునివేళ్ళ మీద నడుస్తూనే ఉంటాం. తెల్లారకముందే కొళాయి దగ్గర బిందె పెట్టడం, పొయ్యి ఆరిపోకుండా చూసుకోవడం, ఎర్రమట్టి పడ్డ బట్టలు ఒకటికి రెండుసార్లు జాడించడం, అత్తగారి కాళ్ళకి నూనె రాయడం, అన్నీ చప్పుడు లేకుండానే. నా గాజులు కూడా మోచేతి వరకు ఎగదోసి రుమాలు కట్టేదాన్ని.

ఒక తమాషా చెబుతాను. పోర్టుకి ఇనప మట్టి వేసుకొచ్చే గూడ్సు మా దొడ్డిగోడ పక్కనే కూత పెడుతుంది. ఇల్లంతా అదురుతుంది. ఆయన మేలుకోడు. చేపలమ్మే నూకాలు వీధి మొదట్లో “సేపలోయ్” అని అరిస్తే మూడు వీధులు వింటాయి. ఆయన మేలుకోడు. నా చేతిలోంచి గరిటె జారితే మాత్రం, “ఏటే ఆ గోల” అని లోపలి నుంచి కేక వచ్చేస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. తట్టాక నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా కొంగు అడ్డం పెట్టుకునే నవ్వాను.

మా అమ్మాయి కనకరత్నం. కనకం అంటాం. రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు బలం పోయింది. కుంటుతుంది, కానీ నడుస్తుంది. డెబ్భై ఆరులో దానికి ఆరేళ్ళు నిండాయి. బడి పట్టాలకి అవతల ఉంది. వంతెన మీంచి వెళ్తే మైలున్నర. అందుకని మా పేట పిల్లలంతా ఆగి ఉన్న గూడ్సు పెట్టెల కిందనుంచి దూరి అవతలికి పోతారు. పెద్దవాళ్ళమూ అంతే. మొదటి వారం కనకాన్ని నేనే చంకనేసుకుని తీసుకెళ్ళాను. అయిదో రోజున దాన్ని ముందు పెట్టె కిందికి జరిపి నేను దూరబోతుంటే పెట్టెలు ఒక్కసారి ఈ చివర్నుంచి ఆ చివరికి ఫెళఫెళమని కదిలాయి. కనకం చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. ఎలా ఇవతలికి లాగానో తెలీదు. దాని పరికిణీ అంచు చక్రం కింద పడి కత్తిరించినట్టు తెగిపోయింది. ఆ ముక్క ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

బడి మానిపించడానికి మా ఇంట్లో ఒక్క నిమిషం పట్టలేదు. “ఆడగుంట. పైగా కాలు సరిగా నేదు. ఇంటికాడ ఉంటే సాల్లే” అంది అత్తగారు. మా ఆయన తలూపాడు. అందరూ ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నారో చూసి నాకు ఒళ్ళు మండింది. అందుకే, “బడి మానిపిత్తాను, సదువు మానిపించను. నానే సెప్తాను” అన్నాను. అప్పుడు మాత్రం రెండు రోజులు పట్టింది. నువ్వు చదివింది ఎనిమిదో తరగతేనన్నారు. పని ఎవులు సేత్తారన్నారు. చివరికి మా ఆయనే తేల్చాడు. “పగలంతా కాళీగానే ఉంటావు గదా, సెప్పుకో. నాకు మాత్రం సప్పుడు రాకూడదు.”

ఖాళీగా ఉంటానట! ఆ మాటకి జవాబు చెప్పే ఓపిక కూడగట్టుకునే ఖాళీ కూడా నాకు లేదు. పోనీలే, ఒప్పుకున్నాడు, అదే పదివేలు అనుకున్నాను.

ఈలోగా నూకాలు ఒక భయం తెచ్చిపెట్టింది. గంప దించి, “గౌరమ్మా, బడికి పంపకపోతే తప్పంట. సట్టం ఉందంట. పోలీసోళ్ళొత్తారంట” అంది. రాత్రంతా నిద్రపట్టలేదు. మర్నాడు మా ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్ళగానే చీర మార్చుకుని, కనకాన్ని తీసుకుని, బస్సెక్కి విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసు మెట్లెక్కడం నా జీవితంలో అదే మొదలు. బల్ల ముందు నిలబడి, “బాబూ, మా పాపని బడికి పంపకుండా ఇంటికాడే సదువు సెప్పుకుంటాను. నేరమా?” అని అడిగాను.

ఆ గుమాస్తా పేరు దాలయ్య. కలం కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. “ఊళ్ళో సగం మంది పిల్లలు బడి మొహం సూడరు. ఒక్కడొచ్చి అడిగినోడు నేడు. నువ్వేటమ్మా, వొచ్చి మరీ నన్ను పట్టుకోండంటావు?” అన్నాడు. పక్క బల్లవాళ్ళు నవ్వారు. నేను కదల్లేదు. కనకం ఆ బల్ల మీదున్న ఫైలు పేరుని కూడబలుక్కుంటూ పెదాలు కదుపుతోంది. దాలయ్య అది చూశాడు. గొంతు మారింది. “కూకో” అన్నాడు.

“సట్టం కాయితం మీద ఉందిలే, నీ ఇంటికి ఎవులూ రారు. కానీ రేపు పెద్ద సదువుకి పంపాలంటే మాత్రం నోటిమాట సెల్లదు. ముందు పుట్టిన తేదీకి ఒక కాయితం పుట్టించు. పురుడు ఎక్కడ?”

“మా కన్నోరింటికాడండి. పెందుర్తి అవతల.”

“అయితే మీ ఊరి మునసబు రిజిస్టర్లో ఉంటాది. నకలు రాయించు. రెండోది, గవర్నమెంటు పుస్తకాలే సెప్పు, నీకు తోసినియ్యి సెప్పకు. మూడోది, గుంట రాసిన ప్రతి కాయితం తేదీ ఏసి దాయి. పలక తుడిసేత్తే సాచ్చికం నేదు. అయిదేళ్ళయ్యాక హైస్కూలుకి ఎల్లు. హెడ్మాస్టరు పరీచ్చ పెడతాడు. ప్రైవేటుగా సదివిందని తండ్రి సంతకం పెట్టి ఇవ్వాల. పాసయితే ఆరులో సేర్చుకుంటారు.”

“తండ్రేనాండి?”

“తండ్రుండగా ఇంకెవులమ్మా!”

ఈ మాటలన్నీ బస్సులో కూర్చుని వేళ్ళ కణుపుల మీద మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను, ఒక్కటీ మర్చిపోకూడదని. మునసబు ఇంటికి మూడుసార్లు తిరిగి నకలు తెచ్చాను. హైస్కూలు పట్టాలకి ఇవతలే ఉంది. అయిదేళ్ళు గడిస్తే చాలు, నా కూతురు రైలు కింద దూరక్కర్లేదు.

అలా మొదలైంది మా బడి. వంటింట్లో, ధాన్యం డబ్బా పక్కన. పాఠం మొదలుపెట్టే గుర్తు ఒకటుండేది. నేను పెదాల మీద వేలు పెట్టేదాన్ని. కనకం కూడా పెట్టేది. అంతే, గంట కొట్టినట్టు. బలపం పొడిగా రాస్తే కీచుమంటుంది, అందుకని తడిపి రాయించేదాన్ని. ఎక్కాలు నోటితో కాదు, ఒకరి అరచేతిలో ఒకరు తడుతూ. నేను ఏడు తట్టి ఎనిమిది తడితే, అది తన వేలితో నా అరచేతిలో యాభయ్యారు రాసేది. పాఠం చదివేటప్పుడు పెదాలు మాత్రం కదిపేది. ఆయన డ్యూటీలో ఉన్న వేళ కూడా అంతే, అలవాటైపోయింది. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఆ పెదాలు చూసి, ఎక్కడ తప్పిందో పట్టేసేదాన్ని. ఒత్తు తప్పితే కనుబొమ్మ ఎగరేసేదాన్ని, వెనక్కి వెళ్ళి దిద్దుకునేది. క్యాలెండరు కాగితాల వెనక, పోర్టు వాళ్ళ పాత నోటీసుల వెనక రాయించి, తేదీ వేసి, ట్రంకుపెట్టెలో దాచాను. నూకాలు తన కూతురి పాత పుస్తకాలన్నీ వాసనతో సహా తెచ్చిచ్చింది. “మీ ఇంట్లో దెయ్యాలు గానీ కాపరం సేత్తన్నాయేటి? ఒక్క మాటా ఇనబడదు!” అనేది.

నాకు అది పొగడ్తలాగే ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి, గర్వపడ్డాను. ఎవరైనా చుట్టాలొస్తే, “గుంట ఎంత నెమ్మదో, ఉందో నేదో తెలీదు” అనేవారు. పెంపకం నాది కదా అనుకుని మురిసిపోయేదాన్ని. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా భిన్నాలు నేర్పాను. బట్టలు ఆరేస్తూ భూగోళం నేర్పాను. నాకు రానివి ముందురోజు నేర్చుకుని మరీ నేర్పాను. ఎనిమిదితో ఆగిపోయిన నా చదువు కూడా దాని పక్కన కూర్చుని మళ్ళీ మొదలైనట్టుండేది. ఆ అయిదేళ్ళలో నేను అలసిపోయిన రోజులున్నాయి గానీ, విసుగు పుట్టిన రోజు ఒక్కటీ లేదు.

ఎనభై ఒకటి జూన్‌లో హైస్కూలు నుంచి దరఖాస్తు తెచ్చాను. అన్నీ నేనే నింపి, సంతకానికి మా ఆయన ముందు పెట్టాను. “పిల్లకు చదువు చెప్పినవారి పేరు, అర్హత” అన్నచోట ఖాళీ వదిలాను. నోరు తెరిచి నా పేరు రాయమని అడగలేక, ఆయనే రాస్తాడేమోనని చిన్న ఆశ. ఆయన కలం తీసి చకచకా ‘తండ్రి, పి. గురునాథరావు, పోర్టు ఉద్యోగి’ అని రాసేశాడు.

“అదేటి మావా, సెప్పింది నాను కదా?”

“నీ పేరు రాత్తే హెడ్మాస్టరు నవ్వుతాడే. ఎనిమిదో క్లాసు సదివినోళ్ళు సదువు సెప్పడమేటి?”

“నువ్వూ ఎనిమిదే కదా.”

“నాను పోర్టు ఉద్యోగినే! అయినా ఇంట్లో ఎవులు సెప్తే ఏటి, ఇల్లు నాదే కదా” అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టే అన్నాడు. పోర్టులో కూడా, “మా గుంటకి ఇంట్లోనే సదువు సెప్పిత్తన్నాను” అని గొప్పగా చెప్పుకుంటాడని ఆయన స్నేహితుడు అర్జునరావు ఒకసారి నాతో అన్నాడు. నేను దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకున్నాను. దాని చదువు ముఖ్యం, నా పేరెందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇలా సర్దిచెప్పుకోవడంలో మేము ఆడవాళ్ళం చెయ్యి తిరిగినవాళ్ళం.

పరీక్ష రోజు ఆయన నైట్ డ్యూటీ నుంచి తిన్నగా బడికే వచ్చాడు, ఖాకీ బట్టల్లోనే. తండ్రి ఉండాలని కబురు పెట్టారు మరి. వరండాలో బెంచీ మీద కూర్చుని గోడకి తల ఆనించాడు. హెడ్మాస్టరు సన్యాసిరాజు గారు పెద్దాయన. కనకానికి లెక్కలిచ్చారు, డిక్టేషను చెప్పారు. నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. పది లెక్కలకి పదీ ఒప్పే. కాగితం పైకెత్తి, “చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా” అన్నారాయన. ట్రంకుపెట్టెలోంచి తెచ్చిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టాను. తేదీలు చూసి తలూపారు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను.

అప్పుడాయన తెలుగు వాచకం తెరిచి, “ఇది చదివి వినిపించు” అన్నారు.

కనకం పుస్తకం అందుకుంది. తలుపు వైపు ఒకసారి చూసింది. వేలు వరస మీద పెట్టింది. పెదాలు కదిలాయి. పేజీ అయిపోయింది, తిప్పింది. రెండో పేజీ కూడా అయిపోయింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

“చదువమ్మా” అన్నారాయన.

“సదివీసానండి” అంది, ఊపిరితో.

“బయటికి చదవాలి. గట్టిగా.”

కనకం మళ్ళీ తలుపు వైపు చూసింది. మళ్ళీ పెదాలే కదిలాయి. సన్యాసిరాజు గారి మొహం మారిపోయింది. కళ్ళజోడు తీసి, “ఏమ్మా, పిల్లకి మాట రాదా? లేకపోతే చదవడమే రాదా? ఈ కాగితాలన్నీ ఎవరు రాసిచ్చారు?” అని నన్ను అడిగారు. “నోరు తెరిచి ఒక్క వాక్యం చదవలేని పిల్లని ఆరులో ఎలా చేర్చుకోమంటారు? చదువు చెప్పింది తండ్రి అని ఉంది. ఆయన్ని పిలవండి.”

తండ్రి అన్న మాటకి కనకం మూడోసారి తలుపు వైపు చూసింది. అప్పుడు నేను కూడా చూశాను. బెంచీ మీద మా ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కనకం నా వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది. నాన్న పడుకున్నాడు, ఎలా చదవను అని.

అయిదేళ్ళు నేను దానికి అన్నీ నేర్పాను. వాటన్నిటి కంటే ముందు, వాటన్నిటి కంటే బాగా ఇంకొకటి నేర్పాను. ఒక మగవాడి నిద్ర ముందు నీ చదువు, నీ నోరు, నీ భవిష్యత్తు, ఏదీ లెక్క కాదని. ఎవరో చెప్పలేదు దానికి. నేనే, ఈ వేలితోనే చెప్పాను. అత్తగారు నాకు గోనె పరిచింది, నేను నా కూతురి గొంతు కింద గోనె పరిచాను. పైగా దానికి నెమ్మది అని పేరు పెట్టి మురిసిపోయాను.

వరండాలోకి వెళ్ళాను. పన్నెండేళ్ళలో నేను ఆయన్ని ఒక్కసారి కూడా నిద్ర లేపలేదు. ఎలా లేపాలో కూడా తెలియలేదు. భుజం మీద చెయ్యి వేసి, “లెగు మావా!” అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. వరండా చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. క్లాసుల్లో పిల్లలు తలలు బయటికి పెట్టారు.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. “ఏటే, ఏటయింది?”

“ఏటీ అవనేదు. నీ కూతురు సదువుతాది. లెగిసొచ్చి ఇను.”

లోపలికి తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాను. కనకం దగ్గరికి వెళ్ళి, దాని పెదాల మీదున్న వేలుని నా చేత్తోనే తీశాను. “నాన్న లెగిసాడు. ఇప్పుడు సదువు, అమ్మా. గోడలు ఇనాల” అన్నాను.

మొదటి మాట పగిలిపోయింది. రెండో మాట గొంతులో ఇరుక్కుంది. మూడో మాటకి బయటపడింది చూడండి, ఇక ఆగలేదు. ఒత్తులు ఒత్తుల్లా, దీర్ఘాలు దీర్ఘాల్లా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తి! అంత సన్నపు పిల్లకి అంత నిండు గొంతు ఉందని నాకు తెలీదు. అయిదేళ్ళు దానికి చదువు చెప్పాను. నా కూతురు చదువుతుంటే వినడం మాత్రం నాకు అదే మొదటిసారి. ఏడుపు ఆపుకోలేదు. ఎందుకు ఆపుకోవాలి?

పాఠం అయ్యాక సన్యాసిరాజు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, “చాలా బాగా నేర్పారండీ. మీరేనా చెప్పింది?” అన్నారు. మా ఆయన నోరు తెరిచాడు. ఆయన ఏం చెప్పేవాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఎందుకంటే కనకం ఇంకా చదివే గొంతులోంచి దిగలేదు. “మా అమ్మండీ!” అంది. కిటికీ దగ్గర చేరిన పిల్లలు గొల్లుమని నవ్వారు.

మా ఆయన తల దించుకుని, “అవునండి. దాని తల్లే సెప్పింది” అన్నాడు. అన్నందుకు ఆయనకి పుణ్యం. హెడ్మాస్టరు దరఖాస్తు తీసి, ఆ వరస కొట్టేసి, కలం నా చేతికిచ్చారు. “గవర్నమెంటు కాగితంలో తప్పు ఉండకూడదమ్మా. నువ్వే రాయి.” రాశాను. తల్లి, పి. గౌరీశ్వరి. అర్హత, ఎనిమిదో తరగతి. నా అక్షరాలు కూడా ముత్యాల్లాగే ఉన్నాయి. ఆ మాట ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పదకొండయింది. మా ఆయన ఇన్ని మెతుకులు తిని లోపలికెళ్ళి పడుకున్నాడు. నైట్ డ్యూటీ చేసినవాడు, పడుకోక ఏం చేస్తాడు? నేను గిన్నెలు తోమడానికి దొడ్లో కూర్చున్నాను. గోనెసంచి గోడకి ఆనించి ఉంది. కనకం బళ్ళో ఇచ్చిన ఆరో క్లాసు కొత్త పుస్తకం పట్టుకొచ్చి మెట్టు మీద కూర్చుని, అలవాటుగా నా వైపు చూసింది, వేలు కోసం. నా రెండు చేతులూ బూడిదలోనే ఉంచుకున్నాను.

“ఆ పుస్తకం తరవాత. ట్రంకులోంచి ఒకటో క్లాసు వాచకం తే” అన్నాను. “మొదటి పాఠం నుంచీ అన్నీ మళ్ళీ సదువు. నాను ఇననేదు కదా.”

తెచ్చింది. చదవడం మొదలుపెట్టింది. అత్తగారు అరుగు మీంచి పరుగున వచ్చింది. “ఒలే, ఒలే! గురునాదం తొంగున్నాడే!”

కడిగిన ఇత్తడి గిన్నె తీసి, గోనె లేని నేల మీద పెట్టాను. ఖంగుమంది.

“తెలుసత్తా” అన్నాను, గట్టిగానే.